ఎండు గ్రానైటు గుట్టవాలులో గరుసు నేలను పరీక్షించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

గుట్టవాలు మీద మొక్కలు పెట్టాలనుకునేవారు, కందకాలు తవ్వించాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: ఇంత రాయి ఉన్న నేలలో ఏమైనా బతుకుతుందా? పైన కనిపించే రాళ్లను చూసి దీనికి జవాబు చెప్పలేము. మట్టి ఎంత లోతు ఉంది, రాళ్ల మధ్య సన్నమట్టి ఎంత వాటా ఉంది, ఆ సన్నమట్టి ఎన్ని మిల్లీమీటర్ల నీటిని పట్టి ఉంచుతుంది అనే మూడు అంకెలు చేతికి వస్తే తప్ప ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. ఈ మూడింటినీ గడ్డపార, జల్లెడ, బకెట్టు వంటి మామూలు సామానుతో సొంతంగా రాబట్టుకునే క్రమం ఇక్కడ ఉంది.

ఈ పద్ధతి అనంతపురం, శ్రీ సత్యసాయి, అన్నమయ్య జిల్లాల గుట్టలకూ, మహబూబ్‌నగర్, నల్లగొండ, యాదాద్రి భువనగిరి జిల్లాల గుట్టలకూ వర్తిస్తుంది. ఆదిలాబాద్ వైపు బసాల్టు గుట్టలు, నల్లమల పలకరాతి కొండలు, విశాఖ వైపు ఖోండలైటు కొండలు వేరే విధంగా శిథిలమవుతాయి కాబట్టి అక్కడ ఈ అంకెలను వాడకూడదు.

1. ముందుగా కొలతల భాష

నేలశాస్త్రంలో 2 మి.మీ. కంటే చిన్నదే మట్టి. దీన్ని ఇక్కడ సన్నమట్టి అంటున్నాను. 2 మి.మీ. నుంచి 75 మి.మీ. దాకా ఉన్నవి గులకరాళ్లు, 75 నుంచి 250 మి.మీ. దాకా ఉన్నవి పెద్ద రాళ్లు, అంతకు మించినవి బండరాళ్లు, గుండ్లు.

నేల ఘనపరిమాణంలో రాళ్ల వాటా 15% నుంచి 35% ఉంటే అది గులక నేల. 35% నుంచి 60% ఉంటే బాగా గులక ఉన్న నేల. 60% దాటితే రాళ్ల మధ్య మట్టి కేవలం సందులు నింపే పదార్థంగా మిగులుతుంది. ఈ వాటా బరువులో కాకుండా ఘనపరిమాణంలో లెక్కించాలి. ఎందుకో 7వ విభాగంలో వివరంగా ఉంది.

గ్రానైటులో పలుగు, ఫెల్డ్‌స్పార్, అభ్రకం ప్రధాన ఖనిజాలు. ఫెల్డ్‌స్పార్ శిథిలమై బంకమట్టి అవుతుంది, నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పు పట్టి ఎర్ర రంగునిస్తుంది, పలుగు మాత్రం చెక్కుచెదరకుండా ముతక ఇసుకగా, గులకగా మిగిలిపోతుంది. వాలు మీద వర్షపు నీరు బంకను కిందికి కొట్టుకుపోతుంది కాబట్టి పైన పలుగు గులక పేరుకుంటుంది. గరుసు నేల స్వభావం చాలావరకు ఈ ఒక్క కారణం నుంచే పుడుతుంది.

2. బయలుదేరే ముందు

పరీక్షకు రెండు కాలాలు అనువైనవి. ఏప్రిల్, మే నెలల్లో గడ్డి ఎండి ఉంటుంది కాబట్టి నేల ఉపరితలం, బండల అంచులు స్పష్టంగా కనిపిస్తాయి. మంచి వాన పడిన ఒకటి రెండు రోజులకు వెళ్తే తడి ఎంత లోతు దిగిందో కనిపిస్తుంది. ఏడాదికి సుమారు 550 మి.మీ. వర్షం పడే అనంతపురం ప్రాంతంలో ఈ రెండో పరీక్షకు సెప్టెంబరు నెల నమ్మదగినది. ఒక్కసారే వెళ్లగలిగితే ఎండాకాలంలోనే వెళ్లడం మేలు. తడి నేలలో గడ్డపార సులువుగా దిగి లోతు గురించి తప్పుడు ధైర్యం ఇస్తుంది.

గుట్టలు చాలాచోట్ల రిజర్వు అటవీ భూమి పరిధిలో ఉంటాయి. సర్వే నంబరును రెవెన్యూ, అటవీ రికార్డులలో సరిచూసుకుని, అవసరమైన అనుమతి పొందిన తరువాతే గడ్డపార పట్టాలి.

వెంట తీసుకెళ్లవలసినవి:
- పొడవైన గడ్డపార, పార, తట్ట
- 1 మీటరు పొడవున్న మొన తేలిన ఇనుప సలాక, సుత్తి
- 2 మి.మీ. కన్నాల జల్లెడ
- కొలత గీతలున్న బకెట్టు, ఒక లీటరు మగ్గు, కనీసం 40 లీటర్ల నీరు
- పలుచని ప్లాస్టిక్ షీటు, నమూనాల సంచులు, చెరగని పెన్ను
- 2 మీటర్ల తిన్నని కర్ర, మట్టం చూసే బుడగ, టేపు
- ఒక సీసాలో నిమ్మరసం
- మందపాటి బూట్లు, చేతి తొడుగులు

రాయిని ఎత్తేటప్పుడు అవతలి అంచును గడ్డపారతో లేపాలి. అప్పుడు తెరుచుకునే సందు మీకు ఎదురుగా కాకుండా అవతలి వైపుకు ఉంటుంది. ఈ గుట్టల్లో రాళ్ల కింద తేళ్లు, పాములు ఉండడం మామూలే. రాయలసీమ గుట్టల గుహల్లో ఎలుగుబంట్లు కూడా ఉంటాయి కాబట్టి తెల్లవారుజామున, చీకటి పడే వేళ పని పెట్టుకోకూడదు.

3. వాలును పట్టీలుగా విడదీయడం

ఒకే గుట్ట మీద నేల ఒకే రకంగా ఉండదు. శిఖరం నుంచి అడుగు దాకా ఒక సరళరేఖ అనుకుని, దాని వెంట నడుస్తూ వాలు, రాయి, చెట్టు మారే చోటల్లా గుర్తు పెట్టుకోవాలి. సాధారణంగా నాలుగు పట్టీలు తేలుతాయి.

- పై బండ: మట్టి దాదాపు ఉండదు. పడిన వాన దాదాపు మొత్తం కిందికి జారుతుంది.
- గుండ్ల పట్టీ: పెద్ద గుండ్లు, వాటి మధ్య మట్టి గూళ్లు. లోతు అడుగడుగునా మారుతుంది.
- నడి వాలు: పలుచని గరుసు నేల. మన పరీక్ష ఎక్కువగా ఇక్కడే.
- పాదం: పైనుంచి కొట్టుకొచ్చిన సన్నమట్టి చేరి లోతుగా ఉంటుంది. వానాకాలంలో ఊట కనిపించవచ్చు.

పై బండ విస్తీర్ణాన్ని తప్పకుండా రాసుకోవాలి. దాని మీద పడిన నీరంతా నడి వాలు మీదికే వస్తుంది కాబట్టి కందకాల లెక్క చేసేటప్పుడు ఈ అంకె లేకపోతే లెక్క తప్పుతుంది.

మరొక జాగ్రత్త. గ్రానైటు గుట్టలను అడ్డంగా కోస్తూ నల్లని డోలరైటు రాతి పట్టీలు వెళ్తుంటాయి. వాటి పక్కన మట్టి ముదురు రంగులో, బంకగా, సారవంతంగా కనిపిస్తుంది. పరీక్ష గుంట పొరపాటున అక్కడ తవ్వితే గుట్ట మొత్తం మంచి నేల అనే భ్రమ కలుగుతుంది. నల్లరాతి ముక్కలు వరుసగా కనిపిస్తే ఆ చోటును వేరే పట్టీగా నమోదు చేయాలి. ఇస్రో వారి భువన్ ఉపగ్రహ చిత్రాల్లో పెద్ద డోలరైటు పట్టీలు సన్నని నల్లగీతల్లా కనిపిస్తాయి కాబట్టి ఇంటి దగ్గరే చూసుకుని వెళ్లవచ్చు.

4. వాలు కొలవడం

2 మీటర్ల కర్ర ఒక కొనను నేల మీద ఆనించి, రెండో కొనను వాలు దిగువ వైపుకు చాపి, బుడగ మధ్యకు వచ్చేలా మట్టంగా పట్టుకోవాలి. గాలిలో ఉన్న కొన నుంచి నేలకు ఉన్న దూరాన్ని టేపుతో కొలవాలి. ఆ దూరం 40 సెం.మీ. అయితే 200కు 40, అంటే వాలు 20%. ఒక్కో పట్టీలో కనీసం ఐదు చోట్ల కొలవాలి.

డిగ్రీలను శాతంగా భావించడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. 45 డిగ్రీల వాలు అంటే 100%. 33% వాలు అంటే సుమారు 18 డిగ్రీలు మాత్రమే. ఫోను యాప్‌లో 20 డిగ్రీలు కనిపించగానే అది 20% అనుకుని కందకాలకు సిద్ధపడితే, నిజానికి 36% వాలు మీద తవ్వుతున్నట్టు.

నడుస్తుంటే కాలి కింద గులక తనంతట తానే జారుతూ ఉంటే ఆ చోటు విడి గులక నిలవగలిగే కోణానికి దగ్గరగా ఉందని అర్థం. అక్కడ ఏ తవ్వకమూ వద్దు.

5. ఉపరితలాన్ని గమనించడం

ఒక చదరపు మీటరు చట్రం వేసి, అందులో రాయి ఎంత, గడ్డి ఎంత, ఖాళీ మట్టి ఎంత అని కంటితో అంచనా వేయాలి. ఇది అందరూ చేస్తారు. చాలామంది వదిలేసేది తరువాతి పని: రాయి మట్టి మీద విడిగా పడి ఉందా, గట్టిపడిన మట్టి పెచ్చులో కూరుకుని ఉందా అని చూడటం.

విడిగా పడి ఉన్న గులక వానచినుకు దెబ్బను తాను కాసి, కింద మట్టి రంధ్రాలు మూసుకుపోకుండా కాపాడుతుంది. నీరు రాళ్ల సందుల్లోంచి ఇంకుతుంది. పెచ్చులో కూరుకున్న గులక ఇందుకు పూర్తిగా విరుద్ధంగా పని చేస్తుంది. ఎర్ర నేలలు వాన తరువాత ఎండినప్పుడు పైన పెచ్చు కట్టే స్వభావం గలవి కాబట్టి, ఆ పెచ్చులో బిగుసుకున్న రాయి చుట్టూ నీరు దిగడానికి సందు ఉండదు. వాన నీరు పారిపోతుంది. వేలితో రాయిని కదిపి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పదింటిలో ఎన్ని సులువుగా కదిలాయో రాసుకోవాలి.

దీనితో పాటు గమనించవలసినవి:
- రాళ్ల ఎగువ వైపున సన్నమట్టి, ఆకు చెత్త ఆగి ఉందా
- చెట్ల వేర్లు బయటపడి ఉన్నాయా, ఎంత ఎత్తున
- చిన్న కాలువలు మొదలయ్యే చోటు పై బండ అంచు నుంచి ఎంత దూరం
- మంట పెట్టిన ఆనవాళ్లు, పశువుల బాటలు

మొక్కలూ చాలా చెబుతాయి. బందారు, బోద గడ్డి మాత్రమే ఉన్నచోట లోతు తక్కువని అనుమానించాలి. సీతాఫలం గుబురుగా ఉంటే రాతి పగుళ్లలోకి వేరు దిగడానికి దారి ఉన్నట్టు. ఏపుగా పెరిగిన వేప, చింత కనిపిస్తే అక్కడ మట్టి గూడు లోతుగా ఉందని చెప్పవచ్చు. అయితే మేత, నరికివేత ఎక్కువగా ఉన్న గుట్ట మీద మొక్కలు లేవు కాబట్టి నేల పనికిరాదని తేల్చకూడదు.

6. లోతు తేల్చడం

పట్టీ వెంట అడ్డంగా నడుస్తూ ప్రతి ఐదు అడుగులకు ఒకసారి సలాకను సుత్తితో దించి, అది ఆగిన లోతు రాసుకోవాలి. ఒక్కో పట్టీలో కనీసం ఇరవై కొలతలు ఉండాలి.

ఈ కొలతలకు సగటు తీయకూడదు. ఐదు చోట్ల 10, 15, 20, 25, 90 సెం.మీ. వచ్చాయనుకుందాం. సగటు 32 సెం.మీ. వస్తుంది; కానీ నిజంగా 32 సెం.మీ. ఉన్న చోటు ఒక్కటీ లేదు, ఐదింటిలో నాలుగు దానికంటే తక్కువే. కొలతలను చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో పెట్టి మధ్యలో ఉన్నదాన్ని, అంటే 20 సెం.మీ.ని, ఆ పట్టీ లోతుగా తీసుకోవాలి. 90 సెం.మీ. వచ్చిన చోటును మాత్రం సున్నం గుర్తుతో విడిగా ఉంచాలి, ఎందుకంటే చెట్టు పెట్టదగిన గూడు అదే.

సలాక ఆగినంత మాత్రాన అక్కడ తల్లిబండ (మట్టి అడుగున పరుచుకున్న అసలు బండ) తగిలిందని అనుకోకూడదు. గ్రానైటు పగుళ్ల వెంట శిథిలమవుతూ పోయి, మధ్యలో శిథిలం కాని గుండ్లను మట్టిలోనే వదిలేస్తుంది. మీకు తగిలింది అటువంటి గుండు కావచ్చు.

గుర్తించే విధానం:
- గడ్డపారతో కొట్టినప్పుడు ఖంగుమని స్పష్టమైన మోత వస్తే గట్టి రాయి. మందంగా, బోలుగా వినిపిస్తే శిథిలమైన రాయి లేదా విడిపోయిన పెచ్చు.
- ఆగిన చోటు నుంచి ఒక మీటరు పక్కన, మరొక మీటరు దిగువన మళ్లీ దించాలి. మూడు చోట్లా దాదాపు ఒకే లోతులో ఆగితే తల్లిబండ. ఒకచోట ఆగి మిగతాచోట్ల దిగితే గుండు.
- సలాక నెమ్మదిగా, గరగరమంటూ దిగుతూ ఉంటే అది గరుసు, అంటే మట్టికీ బండకూ మధ్య ఉండే సగం శిథిలమైన రాతి పొర; తెలంగాణలో దీన్నే మొరం అంటారు.

గరుసు పొరను మట్టి లోతులో కలపకూడదు, అలాగని పూర్తిగా కొట్టివేయనూకూడదు. అది కొద్దిపాటి నీటిని పట్టి ఉంచుతుంది, చెట్ల వేర్లకు దారి ఇస్తుంది. నమోదులో "మట్టి 25 సెం.మీ., గరుసు 40 సెం.మీ." అని రెండు అంకెలు వేరువేరుగా ఉండాలి.

7. గుంట తవ్వి రాళ్ల వాటా కొలవడం

6వ విభాగంలో పట్టీ లోతుగా తేలిన అంకెకు దగ్గరగా ఉన్న చోటును ఎంచుకుని, గరుసు తగిలే దాకా ఒక గుంట తవ్వాలి. ఎగువ వైపు గోడను నిటారుగా, శుభ్రంగా ఉంచాలి. తవ్విన మట్టిని దిగువ వైపు వేయాలి. గోడ మీద రంగు, రాళ్ల పరిమాణం, వేర్లు ఆగిన లోతు పొరలవారీగా రాసుకోవాలి. వేర్లు నిలువుగా దిగుతూ ఒక్కసారిగా అడ్డం తిరిగితే ఆ లోతులో ఏదో అడ్డు ఉన్నట్టు. నిటారు వాలులో పై నుంచి కింద దాకా ఒకే రకం మట్టి కనిపించడం సహజం. వాలు తగ్గిన చోట మాత్రం అడుగున ఎర్రని బంక పేరుకున్న పొర ఉండవచ్చు.

రాళ్ల వాటాను కంటితో అంచనా వేస్తే దాదాపు ఎప్పుడూ తప్పే వస్తుంది. ఎండిన గోడ మీద దుమ్ము పట్టిన గులక మట్టిగడ్డలా కనిపిస్తుంది, వాన కడిగిన గోడ మీద రాయి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. అందువల్ల కింది పద్ధతిలో కొలవాలి.

(1) గుంట పక్కన కదపని నేల మీద, పైన చదును చేసి, సుమారు బకెట్టు పట్టేంత గొయ్యి తవ్వాలి. తవ్విన ప్రతి రేణువునూ తట్టలోకి తీయాలి.

(2) గొయ్యిలో ప్లాస్టిక్ షీటు పరిచి, మగ్గుతో లెక్కపెడుతూ అంచు దాకా నీరు నింపాలి. పట్టిన నీరే గొయ్యి ఘనపరిమాణం. 10 లీటర్లు పట్టిందనుకుందాం.

(3) తట్టలోని మట్టిని ఆరబెట్టి, గడ్డలను చేతితో గానీ కర్రతో గానీ చిదిమి, 2 మి.మీ. జల్లెడ పట్టాలి. సుత్తి వాడకూడదు, రాయి పగిలి సన్నమట్టిలో కలుస్తుంది.

(4) పైన మిగిలిన రాళ్లను కడిగి, వేళ్ల మధ్య నలిగిపోయేవి వేరు చేయాలి. అవి గరుసు ముక్కలు.

(5) నిండుగా నీరున్న బకెట్టులో గట్టి రాళ్లను వేసి, పొర్లిన నీటిని కింది పళ్లెంలో పట్టి కొలవాలి. 3.8 లీటర్లు పొర్లితే రాళ్ల వాటా 38%.

జల్లెడ దొరకనివారు దోమతెర వాడుతుంటారు. దాని కన్నం 2 మి.మీ. కంటే చిన్నది కాబట్టి ముతక ఇసుక కూడా పైనే మిగిలి రాళ్ల వాటా పెరుగుతుంది. తప్పనిసరైతే వాడి, ఆ సంగతి నమోదులో రాయాలి.

బరువు లెక్కతో వచ్చే తేడా ఎంతటిదో చూడండి. 10 కిలోల నమూనాలో 5 కిలోలు రాయి, 5 కిలోలు సన్నమట్టి ఉంటే బరువులో వాటా 50%. గ్రానైటు రాయి సాంద్రత లీటరుకు సుమారు 2.65 కిలోలు కాబట్టి ఆ 5 కిలోల రాయి ఆక్రమించేది 1.9 లీటర్లే. సన్నమట్టి సాంద్రతను 1.5 అనుకుంటే అది 3.3 లీటర్ల చోటు తీసుకుంటుంది. ఘనపరిమాణంలో రాళ్ల వాటా 36% మాత్రమే. బరువు చూసి వదిలేసిన చోటు నిజానికి పనికొచ్చేదే కావచ్చు.

8. సన్నమట్టి స్వభావం

జల్లెడ కిందికి వచ్చిన మట్టిని గుప్పెడు తీసుకుని, నీరు చిలకరిస్తూ పిసికి, బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టీలా నొక్కాలి.

- ముద్ద అవుతుంది కానీ పట్టీ రాదు: గరప ఇసుక. మీటరు లోతుకు సుమారు 70 మి.మీ. నీరు.
- 2.5 సెం.మీ. లోపు పట్టీ వచ్చి తెగుతుంది, గరగరలాడుతుంది: ఇసుక గరప. సుమారు 100 మి.మీ.
- 2.5 నుంచి 5 సెం.మీ. పట్టీ వస్తుంది, ఇంకా గరగరలాడుతుంది: ఇసుక బంక గరప. సుమారు 130 మి.మీ.

మొక్కకు అందే నీటిని లెక్కకట్టడానికి ఈ అంకెలు సరిపోతాయి. ముద్ద కూడా కాకుండా జారిపోతే అది ఉట్టి ఇసుక. దాని నీటి లెక్క వేయనక్కరలేదు.

భూసార పరీక్షకు పంపేది కూడా ఈ జల్లెడ పట్టిన మట్టినే. ఇటువంటి నేలల్లో సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం తక్కువగా ఉండటం, జింకు లోపం కనిపించడం సాధారణం. నివేదిక చదివేటప్పుడు ఒక సవరణ గుర్తుంచుకోవాలి: ప్రయోగశాల పరీక్షించింది సన్నమట్టిని మాత్రమే. మీ నేలలో 40% రాయి ఉంటే, ఎకరానికి చూపిన పోషక నిల్వలో మీ దగ్గర నిజంగా ఉన్నది 60 శాతమే. ఎరువును ఒకేసారి వేస్తే నీటితో దిగిపోతుంది. తక్కువ మోతాదుల్లో ఎక్కువసార్లు వేయాలి.

పాదం పట్టీలో తెల్లని గడ్డలు కనిపిస్తే నిమ్మరసం చుక్క వేయాలి. నురగ వస్తే సున్నపు గడ్డలు. రాకపోతే అవి పలుగు లేదా ఫెల్డ్‌స్పార్ ముక్కలు.

9. నీటి లెక్క

ఇంతవరకు సేకరించిన అంకెలన్నీ ఈ లెక్క కోసమే.

మట్టి లోతు (మీటర్లలో) × మీటరుకు పట్టే నీరు (మి.మీ.) × (1 − రాళ్ల వాటా)

లోతు 40 సెం.మీ., ఇసుక గరప, రాళ్లు 40% అనుకుంటే: 0.4 × 100 × 0.6 = 24 మి.మీ. ఈ నేల పూర్తిగా తడిసినా మొక్కకు దాచిపెట్టగలిగేది 24 మి.మీ. మాత్రమే. ఎండ బాగా ఉన్న రోజుల్లో మొక్కలూ నేలా కలిసి రోజుకు 5 మి.మీ. వరకు వదిలేస్తే, వాన ఆగిన ఐదో రోజుకు ఆ నిల్వ ఖాళీ అవుతుంది. ఒకే రోజు 80 మి.మీ. వాన కురిసినా మిగతా నీరు మట్టి, బండ కలిసే చోటు వెంట జారి పాదానికి చేరుతుంది లేదా పగుళ్లలోకి దిగుతుంది.

అందువల్ల ఈ నేలలో ఎంత వాన పడిందన్నది కాదు, రెండు వానల మధ్య ఎన్ని రోజుల ఎడం ఉందన్నది ముఖ్యం. నాటిన మొదటి ఏడాది పోతపోయడానికి నీళ్లు ఎన్ని రోజులకొకసారి మోయాలో కూడా ఈ లెక్కే చెబుతుంది.

గరుసు పొర నిల్వను ఇందులో కలపవద్దు. దాన్ని లెక్కలోకి రాని అదనంగా ఉంచుకోవడమే క్షేమం.

10. ఇంకుడు పరీక్ష

ఇనుప వలయాన్ని నేలలోకి దించి చేసే పరీక్ష గులక నేలలో పని చేయదు. రాళ్లను తాకి వంగిన అంచు పక్కనుంచి నీరు కారిపోతుంది. దానికి బదులు 30 సెం.మీ. పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంట తవ్వి నీరు నింపాలి. దానికి సుమారు 27 లీటర్లు పడుతుంది. మొదటి నీరు ఇంకిన తరువాత మళ్లీ కొంత మేర నింపి, రెండోసారి ఎంత వేగంగా తగ్గుతోందో ప్రతి పది నిమిషాలకు కొలవాలి. నీరు తక్కువగా ఉంటే 20 సెం.మీ. గుంటతో సరిపెట్టుకోవచ్చు, దానికి 8 లీటర్లు చాలు. కాకపోతే అన్ని పట్టీల్లోనూ అదే కొలత ఉండాలి.

నీరు పక్కలకూ ఇంకుతుంది కాబట్టి ఈ అంకెను పుస్తకాల్లోని అంకెలతో పోల్చకూడదు. ఒక పట్టీని మరొక పట్టీతో పోల్చడానికే వాడాలి. నీరు వేగంగా తగ్గుతూ వచ్చి ఒక మట్టం దగ్గర ఆగిపోతే ఆ లోతులో బండ గానీ బంక పొర గానీ ఉంది. ఎక్కడా ఆగకుండా నిమిషాల్లో మాయమైతే గుంట అడుగున పగులు ఉంది. అక్కడ నీరు నిలిపే నిర్మాణం వృథా, చెట్టుకు మాత్రం మంచి చోటు.

11. నిర్ణయం

కింది హద్దులు అధికారిక ప్రమాణాలు కావు, నేను పాటించే పని సూత్రాలు.

- నిల్వ 20 మి.మీ. లోపు: తవ్వకం వద్దు. మేత, మంట ఆపి ఉన్న గడ్డిని, పొదలను తేరుకోనివ్వాలి.
- 20 నుంచి 50 మి.మీ.: సీతాఫలం, రేగు వంటి మొండి జాతులు, అవి కూడా గుర్తు పెట్టిన గూళ్లలోనే. గట్ల మీద స్టైలో గడ్డి, కిత్తనార.
- 50 మి.మీ. పైన, వాలు 25% లోపు: వేప, ఉసిరి, చింత. పాదంలో నేరేడు ప్రయత్నించవచ్చు.
- వాలు 33% దాటితే, నిల్వ ఎంత ఉన్నా, కందకాలు వద్దు.

గూళ్లలో నాటాలనుకునే చోట వరుసల మధ్య సమాన దూరం కోసం పట్టుబట్టకూడదు. గుట్ట మీద మొక్క స్థానాన్ని నిర్ణయించేది తాడు కాదు, సలాక.

12. కందకాలు, గుంటలు: పొరపాట్లు, సవరణలు

కందకం పరిమాణం లెక్క లేకుండా తవ్వడం. 3 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు గల కందకం 750 లీటర్లు పడుతుంది. దానికి ఎగువన 10 మీటర్ల వాలు ఉంటే పరివాహకం 30 చదరపు మీటర్లు. 50 మి.మీ. వానలో సగం పారితే వచ్చేది సరిగ్గా 750 లీటర్లు. అదే ఎగువ ప్రాంతం నున్నటి బండ అయితే దాదాపు రెట్టింపు వస్తుంది, కందకం పొర్లి దిగువ గట్టు తెగుతుంది. సవరణ: బండ అంచుకు దిగువన మొదటి వరుసలో కందకాలకు బదులు రాతి కట్టలు వేసి వేగం తగ్గించాలి; ఆ తరువాతి వరుస నుంచి అస్తవ్యస్తంగా కాకుండా, ఒకదాని ఎదుట ఇంకొకదాని ఖాళీ వచ్చేలా చిన్న కందకాలు తవ్వాలి.

కంటి అంచనాతో సమమట్టం గీయడం. గుట్ట మీద కన్ను మోసపోతుంది. ఏ-ఫ్రేము (మట్టం చూసే A ఆకారపు కర్రల చట్రం) గానీ నీటి గొట్టం గానీ వాడాలి. ఒక కొన ఐదు సెంటీమీటర్లు పల్లమైనా నీరంతా అక్కడే చేరి కోత మొదలవుతుంది.

నిటారు గోడలు. గులక నేలలో నిలువు గోడ మొదటి వానకే కూలుతుంది. ఎగువ గోడను కొంత ఏటవాలుగా చెక్కాలి. తవ్విన మట్టిని దిగువ అంచు నుంచి 25, 30 సెం.మీ. వదిలి గట్టుగా వేయాలి.

పైనున్న గులకను ఏరి పారవేయడం. శుభ్రం చేసినట్టు కనిపిస్తుంది కానీ నేల కవచం పోతుంది. ఏరక తప్పని చోట ఆ రాళ్లనే మొక్క మొదలు చుట్టూ విడిగా పరచాలి.

గుంట అడుగున రాళ్లు వేయడం. నీరు దిగుతుందనే నమ్మకంతో ఇది ఇప్పటికీ చేస్తున్నారు. సన్నమట్టి కింద ముతక రాళ్ల పొర ఉంటే పైమట్టి పూర్తిగా తడిసి ముద్దయ్యే దాకా నీరు కిందికి దిగదు. వేరు కూడా ఆ పొర దగ్గరే ఆగుతుంది. గుంట అడుగును గడ్డపారతో వదులు చేస్తే చాలు.

చెరువు పూడిక మట్టిని వాలు మీద చల్లడం. మొదటి పెద్ద వానకే కొట్టుకుపోతుంది. గుంటలో తీసిన మట్టితో బాగా కలిపి, పశువుల ఎరువుతో సహా గుంటలోనే వేయాలి.

జేసీబీతో మెట్లు కోయించడం. ఉన్న కాస్త సన్నమట్టి దిగువకు దొర్లిపోయి, పైన గరుసు బయటపడుతుంది. పక్కకు తోసిన మట్టి వానకు జారుతుంది. దీనికి తరువాత చేయగలిగే సవరణ ఏదీ నాకు తెలియదు.

13. మొదటి వానల తరువాత

మంచి వాన పడిన ఒకటి రెండు రోజుల్లో ప్రతి పట్టీలో నాలుగైదు చోట్ల చిన్న గుంట తవ్వి తడి దిగిన లోతు కొలవాలి. తడి మట్టి మొత్తం లోతుకు దిగి ఉంటే 9వ విభాగం లెక్క సరిగానే ఉంది. పైన 10 సెం.మీ. మాత్రమే తడిసి కింద పొడిగా ఉంటే సమస్య ఉపరితలం పెచ్చుదే. లోతు పెంచినా ఉపయోగం లేదు, పెచ్చును పైపైన విరిచి ఆకు చెత్త, విడి గులక పరచాలి.

సరిచూడవలసినవి:
- ఏ కందకాలు పొర్లాయి, ఏవి సగం కూడా నిండలేదు
- గట్ల దిగువన గులక విసనకర్రలా పరుచుకుని ఉందా (ఉంటే గట్టు మీదుగా నీరు దూకినట్టు)
- మొక్క మొదళ్ల దగ్గర మట్టి కుంగిందా
- పాదంలో ఊట ఎన్ని రోజులు కారింది

పొర్లిన కందకానికి ఎగువన కొత్తది చేర్చాలి తప్ప దాన్నే లోతు చేయకూడదు. లోతు చేస్తే గరుసు బయటపడి గోడలు నిలవవు.

తరువాతి ఏప్రిల్, మే నెలల్లో కందకాల్లో చేరిన పూడిక తీయాలి. వాలు మీద నుంచి జారిన సన్నమట్టి, ఆకు చెత్త ఎక్కువగా అందులోనే ఉంటాయి కాబట్టి దాన్ని గట్టు మీద పోయకుండా జల్లెడ పట్టి, మొక్కల గుంటల్లో కుంగిన మేరకు నింపి, పైన గులక పరచాలి.